గొంతు మార్చే గాలి, ఊపిరి ఆపే గాలి

1868 ఆగస్టు 18న గుంటూరులో సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలించిన ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్‌తో హీలియం కథ మొదలైంది. ఇవాళ గుత్తి లాంటి ఊళ్లలోనూ పుట్టినరోజు బుడగ ముడి విప్పి అందులోని హీలియం పీల్చి, కీచుగొంతుతో నవ్వుకునే పిల్లలుంటారు. విషం కాదుగదా అంటారు. నిజమే. కానీ గాలిలో 21 శాతం ఉండే ఆక్సిజన్ అందులో బొత్తిగా లేదు. ఊపిరాడడం లేదని మనకు తెలిపేది ఒంట్లో పేరుకునే కార్బన్ డయాక్సైడ్. హీలియం పీల్చి వదులుతుంటే ఆ కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతూనే ఉంటుంది. అందుకే ఉక్కిరిబిక్కిరి కాకుండానే మనిషి కుప్పకూలిపోతాడు.

ఒక్క బుడగకు మాకేం కాలేదనేవాళ్లు అబద్ధమాడటం లేదు. వెంటవెంటనే పీల్చినకొద్దీ ముప్పు ముదురుతుంది. సిలిండర్‌కే నోరు పెడితే ఆ ఒత్తిడికి ఊపిరితిత్తులు చిట్లవచ్చు. పైగా వీధి బుడగలో ఉండేది ఒక్కోసారి హీలియమే కాదు, కాస్టిక్ సోడాలో అల్యూమినియం ముక్కలు వేసి తీసిన హైడ్రోజన్. అది భగ్గుమనడానికి నిప్పురవ్వ చాలు.