ఇల్లు బాగుచేయించునప్పుడు సామానుల సంరక్షణ

వేసవి సెలవులు వచ్చినవనగా మన చంద్రపూరులో ప్రతి వీధియందును ఏదో ఒక ఇంటి ముందు ఇసుక కుప్పయు, కంకర కుప్పయు కనిపించుచుండును. పెంకులు దింపి స్లాబు వేయించువారు కొందరు, గోడలకు క్రొత్త పూత పూయించువారు కొందరు. జూను నెల నడుమ వానలు పడకముందే పని ముగియవలెనను తొందర అందరికిని గలదు. ఇల్లు బాగుపడుట సంతోషింపదగిన విషయమే. కాని గోడ బాగుపడునప్పుడు ఇంటిలోని వస్తువులు చెడిపోవుటను మేము తరచుగా చూచుచున్నాము. అందువలన ఈ విషయమును గూర్చి కొన్ని మాటలు తల్లిదండ్రులకు మనవి చేయదలచినాము.

ఈ ఊసు బడి పత్రికలో ఏల యని కొందరు అడుగవచ్చును. కారణము చెప్పెదము. కొంతకాలము క్రిందట ఒక విద్యార్థిని తండ్రి మా కార్యాలయమునకు వచ్చెను. ఆమె పైచదువునకు కుల ధ్రువీకరణము కావలసియుండెను. తాతగారి బడి దాఖలా ఇంటి అటకమీది రేకుపెట్టెలో ఉండెడిది. పెంకులు దింపినప్పుడు ఆ పెట్టెను పెరటిలో వేపచెట్టు క్రింద ఉంచిరి. తొలకరి వాన కురిసెను. స్లాబు పని ముగిసి పెట్టె తెరచునప్పటికి కాగితములన్నియు ముద్దయై బూజు పట్టియుండెను. తాతగారు ఏ ఊరి బడిలో చదివిరో ఇంటిలో ఎవరికిని తెలియదు. తెలిసినచో ఆ బడి దాఖల్ ఖారిజ్ రిజిస్టరునుండి నకలు తెచ్చుకొనవచ్చును. తెలియకపోవుటచే ఆ మార్గమును మూసికొనిపోయెను.

మనవంటి వారికి ఇట్టి కాగితము విలువ ఎంతయో గ్రహింపవలెను. 2000వ సంవత్సరపు మహారాష్ట్ర కుల ధ్రువపత్ర చట్టము ననుసరించి విచారణ జరుగునప్పుడు, పెద్దలు ఈ రాష్ట్రమున ఎప్పటినుండి ఉన్నారో చూపవలసియుండును. షెడ్యూల్డు కులములకు 10-8-1950, విముక్త జాతులకును సంచార జాతులకును 21-11-1961, ఇతర వెనుకబడిన తరగతులకు 13-10-1967 అను తేదీలు ప్రమాణములు. ఆ తేదీలకు ముందటి కాగితము ఇంటిలో ఉన్నచో అది బంగారము కంటె మేలు.

ఇందులో మరియొక చిక్కు గలదు. రాజురా తాలూకా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రమున ఆదిలాబాదు జిల్లాలో ఉండెడిది. అచ్చటి పాత కాగితములు కొన్ని ఉర్దూలో ఉండును. ఇటు చాందా ప్రాంతపువి కొన్ని మోడీ లిపిలో ఉండును. ఇంటివారికి చదువరాని కాగితమును చిత్తు కాగితమని భావించి తూకమునకు అమ్మివేయుట సులభము. కావున చదువరాని కాగితమును ముందుగా దాచుడు, తరువాత తెలిసినవారిచే చదివించుడు.

1939 ఆగస్టులో యుద్ధము ముంచుకొని వచ్చుచుండగా, పారిసు నగరమందలి లూవ్రు ప్రదర్శనశాలను మరమ్మతుల పేరిట మూడు దినములు మూసి, లోపల చిత్రపటములను పెట్టెలలో సర్దిరి. పెట్టెలమీద విలువను బట్టి పసుపు, ఆకుపచ్చ, ఎరుపు రంగుల గుర్తులు వేసిరి. మనమును ఆ పద్ధతినే అనుసరింపవచ్చును. పోయినచో మరల దొరకనివి ఎర్రగుర్తు వస్తువులు: దస్తావేజులు, సర్టిఫికెట్లు, పెద్దల ఛాయాచిత్రములు, ఉత్తరములు, తెలుగు పుస్తకములు. డబ్బు పెట్టినచో దొరకునవి ఆకుపచ్చవి. కడిగినచో సరిపోవునవి పసుపువి. మనము సాధారణముగా దీనికి విరుద్ధముగా చేయుదుము. టెలివిజనుకు దుప్పటి కప్పి, కాగితముల పెట్టెను బయట వదలుదుము.

ఎర్రగుర్తు వస్తువులను పని జరుగు ఇంటిలో ఉంచకుండుటయే ఉత్తమము. బంధువుల ఇంటనో, బ్యాంకు లాకరులోనో ఉంచవలెను. అంతకు ముందు ప్రతి కాగితమునకు ఫోటో తీసికొని, బడి పేరు, ఊరు, సంవత్సరము, క్రమసంఖ్య ఒక నోటుపుస్తకమున వ్రాసికొనవలెను. 2015లో వచ్చిన డిజిలాకరులో నేటి మార్కుల పత్రములు దొరకవచ్చును గాని, తాతగారి దాఖలా అందు దొరకదు. ఒకవేళ కాగితములు తడిసినచో ఎండలో పడవేయరాదు. నీడలో, గాలి తగులునట్లు, పుటల నడుమ తెల్లకాగితములుంచి ఆరబెట్టవలెను. ఆలస్యము చేసినచో రెండు మూడు దినములలోనే బూజు పట్టును.

ఇక దుమ్ము సంగతి. ఇసుక రేణువు కొన్ని క్షణములలో నేల చేరును. కాని మిల్లీమీటరులో వెయ్యవ వంతు గల సన్నని ధూళి, గాలి కదలని గదిలో సైతము పదడుగుల ఎత్తునుండి దిగుటకు దాదాపు 10 గంటలు పట్టును. మేస్త్రీ సాయంకాలము ఇంటికి పోయినను, అతడు లేపిన ధూళి తెల్లవారువరకు దిగుచునే యుండును. కావున పని ఆగిన వెంటనే కప్పు తీయరాదు. బీరువా తలుపుల సందులకు కాగితపు పట్టీ అంటింపవలెను. పని గది ద్వారమునకు తడిగుడ్డ వ్రేలాడదీయవలెను. ఫంకా తిప్పరాదు.

సిమెంటు తడిసినప్పుడు తీవ్రమైన క్షారము. అది చర్మమును కాల్చును, పట్టును చెరచును, అల్యూమినియము పాత్రలపై మచ్చలు వేయును. పట్టుచీరెలు పాత నూలు బట్టలో చుట్టి పెట్టెలో ఉంచవలెను. కొయ్య సామానులకు ముందు నూలు దుప్పటి, దానిపై ప్లాస్టిక్కు కప్పవలెను. ప్లాస్టిక్కునే బిగించి చుట్టినచో లోపలి తేమ బయటకు పోజాలదు. దుమ్ము పడిన బల్లను మొదటనే తడిగుడ్డతో తుడిచినచో ఇసుక గీతలు పడును. మెత్తని కుంచెతో దులిపి, ఆపై తుడువవలెను. స్లాబుకు కనీసము వారము దినములు నీరు పట్టవలెను. మన ఎండలలో పది దినములైన మంచిది. ఆ నీటి చెమ్మ గోడలలో వారముల తరబడి నిలుచును. అందువలన క్రొత్త గోడకు బీరువాను ఆనించక జానెడు దూరమున ఉంచవలెను.

మే నెలలో ఇచ్చట ఎండ 45 డిగ్రీలు దాటుట వింత కాదు. స్థలము చాలదని గ్యాసు సిలిండరును ఎండలో ఉంచుటయు, పడుకోబెట్టుటయు ప్రమాదము. దానిని నీడలో నిలువుగా ఉంచవలెను. పాత రంగు గీకునప్పుడు పిల్లలను దూరముగా ఉంచుడు. ఇంటి రంగులలో సీసము పదిలక్షల పాళ్ళలో 90 పాళ్ళు మించరాదను నిబంధన 2017 నవంబరునుండియే అమలునకు వచ్చినది. అంతకు ముందటి రంగులలో సీసము హెచ్చుగా ఉండవచ్చును. పొడిగా గీకక, నీరు చల్లి గీకింపవలెను. బియ్యము, పిండి, పచ్చడి జాడీలు ముందే వేరు గదికి మార్చవలెను.

కూలివారి ముందు వస్తువులు చిందరవందరగా వదలి, పిమ్మట వారిని అనుమానించుట న్యాయము కాదు. వస్తువుల జాబితా వ్రాసి, పని మొదలగుటకు ముందే సర్దుకొనుట ఉభయులకును గౌరవము.

చివరగా తెలుగు పుస్తకములను గూర్చి ఒక మాట. పదిమైళ్ళ లోపల బల్లార్షాలో కాగితము తయారగుచుండగా మనకు కాగితము చులకనయైనది. కాని పెద్దలు తెచ్చుకొన్న తెలుగు పుస్తకము ఈ ఊరి బజారులో దొరకదు. సున్నము వేయు సందడిలో అట్టివి తూకమునకు పోవుచున్నవి. మీకు చోటు లేనిచో వానిని పాఠశాలకు పంపుడు. మా గ్రంథాలయమున చోటు కల్పించెదము. ఈ వేసవిలో ఇల్లు బాగుచేయించువారు మేస్త్రీని పిలుచుటకు ముందు అటకమీది రేకుపెట్టెను ఒకసారి దింపి చూడవలెనని మా మనవి.