వరి కోసిన కొడవలి: చేరా చూపిన వాక్యం

"ఎల్లొత్తానండీ" అన్నందుకు చిన్నప్పుడు బళ్ళో ఒక మాస్టారు నన్ను బెంచీ ఎక్కించారు. మీ పేట మాటలకు వ్యాకరణం లేదురా అన్నారు. వస్తాను వత్తాను, చేస్తాను చేత్తాను, రాస్తాను రాత్తాను. 'స్త' రావలసిన చోటల్లా 'త్త' వస్తోంది. ఇది సూత్రం కాక మరేమిటి? ఆ ప్రశ్న నాకు తట్టడానికి యూనివర్సిటీ దాకా వచ్చి, చేకూరి రామారావు 'తెలుగు వాక్యం' (1975) చదవాల్సి వచ్చింది.

1934లో పుట్టి 2014లో కన్నుమూసిన చేరాని మనలో చాలామంది కవిత్వ విమర్శకుడిగానే ఎరుగుదుం. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో, చామ్‌స్కీ వేసిన దారిలో తెలుగు వాక్యం మీద పరిశోధన చేసిన భాషాశాస్త్రవేత్త ఆయన. మన వ్యాకరణాలు ఎక్కువగా సంధుల దగ్గరా సమాసాల దగ్గరా తిరుగుతుంటే, వాక్యం ఎలా తయారవుతుందో తెలుగులోనే వివరించారు.

చామ్‌స్కీ 1957 నుంచీ చెబుతూ వచ్చింది స్థూలంగా ఇదీ: ఎన్నడూ విననిదాన్ని కూడా మనిషి అనగలడు, అర్థం చేసుకోగలడు. కొద్దిపాటి సూత్రాలతో అంతులేనన్ని వాక్యాలు పుట్టించే వ్యాకరణం మాట్లాడేవాళ్ళ మనసులోనే ఉంటుంది.

మా పొలాల్లోంచే ఉదాహరణ తీసుకుందాం. వరి కోసిన మనిషి. వరి కోసిన కొడవలి. వరి కోసిన చేను. పైకి మూడూ ఒకటే. లోపలి వాక్యాలు వేరు: మనిషి కోశాడు, కొడవలితో కోశారు, చేలో కోశారు. 'తో', 'లో' ఎగిరిపోయినా అర్థం చెడలేదు. మరి 'సూరితో వరి కోశాను' అన్నదాన్ని అలా మార్చండి. 'నేను వరి కోసిన సూరి' అనలేం! పనిముట్టుకు వచ్చే 'తో' పోవచ్చు, తోడుకు వచ్చే 'తో' పోకూడదు. మాయమ్మది వేలిముద్ర. ఆమెనడిగితే నవ్వి, "అలాగెవరంటార్రా" అంది. ఈ నియమం ఆమెకెవరూ నేర్పలేదు. చదువుకున్నవాళ్ళకీ ఏ బడీ నేర్పలేదు.

అయితే ఇక్కడ ఒక పేచీ ఉంది. చామ్‌స్కీ 1965లో తన సిద్ధాంతానికి తీసుకున్న వక్త, అందరూ ఒకేలా మాట్లాడే సమాజంలోని ఆదర్శ వక్త. కోనసీమలో అలాంటి ఊరెక్కడుంది? నోరు విప్పగానే పేట తెలిసిపోతుంది. 'తప్పు' అనే ముద్ర ఎవరు వేస్తారన్నది వాక్యనిర్మాణం తేల్చే విషయం కాదు. గిడుగు వాడుకభాష కోసం పోరాడినప్పుడూ ప్రమాణమైంది శిష్టుల వాడుకే. కృష్ణా గోదావరి జిల్లాల చదువరుల మాట ప్రమాణమయ్యాక, అదే గోదావరి గట్టున మాలమాదిగ పేటల మాట బడి బయట ఎలా మిగిలిపోయిందో ఇంకా రాయాల్సే ఉంది.