నగర ప్రాచీన సౌధముల పరిరక్షణము: హైదరాబాదు అనుభవము

1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదు నగరమున వేలకొలది ప్రాణములను బలిగొన్నది. ఆ విపత్తు పిమ్మట 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంఘము ఇరుకు వాడలను తొలగించి, వీథులను వెడల్పు చేసి, పత్థర్‌గట్టీలో రాతి కమానుల అంగళ్ళను నిర్మించినది. 1935లో మొజంజాహీ మార్కెట్టు వెలసినది. ఆ దశాబ్దములలోనే విన్సెంట్ ఎష్ అను ఆంగ్ల వాస్తుశిల్పి రూపకల్పనతో మూసీ దక్షిణపు గట్టున హైకోర్టు, ఉత్తరపు గట్టున ఉస్మానియా వైద్యశాల లేచినవి. అనగా, నేడు కాపాడవలెనని కోరబడుచున్న సౌధములలో పెక్కు ఒకనాటి పునర్నిర్మాణ ఫలములే. కావున వివాదము ప్రాతకును క్రొత్తకును నడుమ కాదు. ఏది నిలుపవలెనో, ఏది తొలగింపవలెనో ఎవరు, ఏ విధముగ నిర్ణయింతురన్నదే అసలు ప్రశ్న.

ఇందు మొదటి రక్షణ చట్టము. 1995లో హైదరాబాదు పట్టణాభివృద్ధి సంస్థ నియమావళియందలి 13వ నియమము వారసత్వ కట్టడములకు రక్షణ కల్పించినది. జాబితాలో చేరిన భవనమును అనుమతి లేక కూల్చుటకుగాని మార్చుటకుగాని వీలులేకుండెను. 2015 డిసెంబరులో ప్రభుత్వము ఆ నియమమును తొలగించినది. 2017లో తెలంగాణ వారసత్వ చట్టము వచ్చినది. 2019 జూన్‌లో, నవాబు ఫక్రుల్ ముల్క్ సౌధమైన ఎర్రమంజిల్ స్థలమున శాసనసభా భవనమును నిర్మింపవలెనని మంత్రివర్గము నిశ్చయించినది. చట్టము విధించిన పద్ధతిని పాటింపలేదని హైకోర్టు అదే సంవత్సరము సెప్టెంబరు 16న ఆ నిర్ణయమును కొట్టివేసినది. సౌధము నిలిచినది.

అయితే న్యాయస్థానము కూల్చుటను ఆపగలదు గాని కారుచున్న పైకప్పును బాగుచేయజాలదు. ఈ కట్టడములలో పెక్కు డంగుసున్నముతో కట్టబడినవి. సున్నపు గోడ తేమను పీల్చి మరల వెలికి విడుచును. పగుళ్ళపై సిమెంటు పూసినచో తేమ లోపలనే చిక్కి, సున్నము పొడియై రాలును. ఆ సందులలో రావిమొక్క వేరూనును. ఏండ్ల తరబడి మరమ్మతు మాని, పిదప శిథిలమైనదని కూల్చుట పలు నగరములలో కానవచ్చు పద్ధతి. శైథిల్యము హేతువుగ చూపబడును. దానికి హేతువేమో విచారింపబడదు.

మూడవది వినియోగము. మరమ్మతుల పిమ్మట మొజంజాహీ మార్కెట్టు 2020 ఆగస్టులో తిరిగి తెరువబడినది. అది నేటికిని అంగడియే. వ్యాపారమే దానిని కాపాడుచున్నది. ఉస్మానియా వైద్యశాల కథ వేరు. 2020 జూలై వర్షములకు వార్డులలోనికి నీరు చేరగా ప్రాతభవనమును ఖాళీ చేయించిరి. రోగుల ప్రాణములకంటె కమానులు మిన్నయని ఎవరును అనజాలరు. 2025 జనవరిలో గోషామహల్‌లో నూతన వైద్యశాలకు శంకుస్థాపన జరిగినది. ఇక ప్రాతభవనమునకు ఏ పని కల్పింతురన్నది తేలవలసియున్నది. పనిలేని సౌధమునకు చట్టమొక్కటే చాలదు.

ప్రైవేటు యజమానుల కష్టమును విస్మరింపరాదు. నగరమధ్యమున నేల విలువ పెరిగినపుడు రెండంతస్తుల ప్రాత యిల్లు వారికి భారమగును. నిలుపుకొన్న యింటికి బదులుగ, కోల్పోయిన నిర్మాణ హక్కును వేరొకచోట వాడుకొనుటకో విక్రయించుటకో ముంబయి వంటి నగరముల నిబంధనలు వీలుకల్పించినవి. త్యాగమును ఒక్కనిపై మోపక నగరమంతయు పంచుకొనుట ఇందలి న్యాయము.

తెలుగు రచయితలకు ఈ విషయము పరాయిది కాదు. 1901లో స్థాపితమైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము సుల్తాన్‌బజారునందే యున్నది. 2020 ఫిబ్రవరిలో ఆ బజారు మీదుగ మెట్రోరైలు నడువసాగినది. ఇట్టి వాడలలో గ్రంథాలయములేగాక, గచ్చు, దూలము, చావడి, నడవ మొదలగు మాటలును కట్టడములతో పెనవేసికొని బ్రదుకుచున్నవి. ఏ యింటిలో ఏ సభ జరిగినదో, ఏ వీథికి ఆ పేరెట్లు వచ్చినదో వ్రాసి యుంచుట రచయితల పని. భవన జాబితాను సిద్ధము చేయువారికి అట్టి వ్రాతయే తొలి సాక్ష్యము కాగలదు.