అశోక్‌నగర్ కుక్కర్‌లో గూలాష్

హైదరాబాద్ అశోక్‌నగర్ గల్లీల్లో గ్రూప్స్‌కీ సివిల్స్‌కీ చదివే పిల్లల గదుల్లో వంటిల్లు అంటూ విడిగా ఉండదు. కిటికీ పక్కన ఒక బల్ల, దానిమీద ఇండక్షన్ స్టవ్వో ఐదు కిలోల సిలిండరో, ఒక మూడు లీటర్ల కుక్కర్, చాకు, ఉప్పూ కారం డబ్బాలు. ముగ్గురు నలుగురు కలిసి ఉండే గదికి అదే సంసారం. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో కుర్చీ దొరకాలంటే పెందలాడే వెళ్లాలి. రాత్రి తిరిగొచ్చేసరికి ఒంట్లో ఓపిక మిగలదు. అందుకే చాలామంది అన్నం గదిలో వండుకుని, కూర కర్రీ పాయింట్‌లో కట్టించుకొస్తారు. మధ్యాహ్నానికి 2014లో నగరంలో మొదలైన ఐదు రూపాయల భోజనం ఉండనే ఉంది. ఇక ఆదివారం వస్తే కుక్కర్‌కి అసలు పని పడుతుంది.

డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో లీసెస్టర్‌లోనో మీరు పంచుకుంటున్న అపార్ట్‌మెంట్‌కీ ఈ గదికీ నాకు పెద్ద తేడా కనిపించదు. చదువు కోసం ఊరు వదిలి, పరాయి పిల్లలతో ఒక పొయ్యి పంచుకోవడం హైదరాబాద్‌లో కొత్త సంగతీ కాదు. జిల్లాల నుంచి వచ్చే విద్యార్థుల కోసం కొత్వాల్ వెంకట్రామారెడ్డి గారు రెడ్డి హాస్టల్ పెట్టింది 1918లో. తరవాత ఎన్నో ఏళ్లు దాని బాగోగులు చూసిన సురవరం ప్రతాపరెడ్డి గారే ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాశారు. మన పెద్దలు ఏం తిన్నారో, ఏం కట్టారో శ్రద్ధగా వెతికి పెట్టిన ఆ పుస్తకానికి 1955లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. తెలుగుకు అదే మొదటిది. తిండి గురించి రాయడం చిన్న పని కాదని నాకు ధైర్యం ఇచ్చేది ఆ పుస్తకమే.

అలాంటి గదిలో ఒక్క కుక్కర్‌తో చేసుకోమని మీకు చెప్పాలనుకున్న వంట గూలాష్. హంగేరీ మైదానాల్లో పశువుల కాపరులు పొయ్యి మీద వేలాడదీసిన ఇనప బాణలిలో వండుకున్న మాంసం పులుసు. అమెరికా స్కూళ్లలో అదే పేరుతో పెట్టే ఖీమా, టమాటా, మాకరోనీ కలిపిన వంట వేరు. అది తప్పనను, పిల్లలు ఇష్టంగానే తింటారు. కానీ అసలు దాంట్లో మాకరోనీ ఉండదు. కావాలంటే గుడ్డుతో కలిపిన పిండిని వేళ్లతో గిల్లి, చివర్లో మరిగే పులుసులో వేస్తారు. మిగతాదంతా ఉల్లిగడ్డ, కొవ్వు, ఎర్ర మిరపపొడి, మాంసం, నీళ్లు. ఈ జాబితా చదువుతుంటే మన మటన్ ఆలుగడ్డ కూర గుర్తుకు రావడం లేదూ?

ఆ పోలికకు కారణం మిరప. అమెరికా ఖండాల్లో పుట్టిన ఈ కాయ 16వ శతాబ్దంలో పోర్చుగీసుల ఓడల్లో మన తీరానికొచ్చింది. హంగేరీకి తురుష్కుల పాలనలో చేరింది. మిరప రాకముందు, కవి శ్రీనాథుడి కాలం వంటల్లో ఘాటు ఎక్కువగా మిరియాలదే. అంటే కారం విషయంలో హంగేరీవాళ్లూ మనమూ ఇంచుమించు ఒకే ఈడు వాళ్లం. వాళ్లు కారం తగ్గించి రంగూ తీపీ పెంచిన కాయల్ని ఎంచుకుంటూ పోయారు. సెగెద్, కలోచా అనే ఊళ్లు ఆ పొడికి పేరు మోశాయి. 1937లో నోబెల్ బహుమతి అందుకున్న ఆల్బర్ట్ సెంట్ జార్జి, విటమిన్ సి కోసం వెతికి వెతికి పెద్ద మొత్తంలో తీయగలిగింది సెగెద్ మిరపకాయల్లోంచే.

ఆ హంగేరీ మిరపపొడికి సరిసాటి మన దగ్గర లేదనుకోకండి. వరంగల్ వైపు పండే చపాటా మిరప ఉంది. పొట్టిగా, లావుగా ఉంటుంది కాబట్టి టమాటా మిర్చి అనీ అంటారు. రంగు చిక్కన, కారం తక్కువ. పచ్చళ్లకి ఎర్రదనం ఇచ్చేది అదే. 2025లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఇండియా నుంచి ఎవరైనా వస్తుంటే ఓ పావుకిలో పొడి తెప్పించుకోండి. దొరక్కపోతే అక్కడి స్టోర్‌లో స్వీట్ పాప్రికా కొనండి. పొగ వాసన వచ్చే స్మోక్‌డ్ పాప్రికా స్పెయిన్ పద్ధతి, ఈ వంటకి నప్పదు. గుంటూరు కారం వేసేట్టయితే ఒక్క చెంచా చాలు, కానీ అప్పుడు రంగు తగ్గుతుంది.

నలుగురికి కావలసినవి: ఎముకతో కలిపి ముప్పావు కిలో మటన్, నాలుగు పెద్ద ఉల్లిగడ్డలు, మూడు ఆలుగడ్డలు, రెండు టమాటాలు, ఒక క్యాప్సికమ్, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, రెండు పెద్ద చెంచాల మిరపపొడి, మూడు చెంచాల నూనె, ఉప్పు, ఒక చిన్న చెంచా షాజీర. హంగేరీవాళ్లు వేసే క్యారవే గింజ మన షాజీరకు దగ్గరి చుట్టం, కాబట్టి బిర్యానీ డబ్బాలో ఉన్నది వాడుకోవచ్చు. వాళ్లు ఎక్కువగా గొడ్డుమాంసంతో చేస్తారు గానీ గొర్రెమాంసంతో చేసే వంటలూ వాళ్లకున్నాయి.

అసలు పనంతా ఉల్లిగడ్డ దగ్గరే ఉంది, అక్కడ తొందరపడకండి. సన్నగా తరిగి, నూనె వేడెక్కాక కుక్కర్‌లో వేసి, చిటికెడు ఉప్పు చల్లి, మంట తగ్గించండి. మొదట చెమ్మ బయటికొచ్చి ముక్కలు మెత్తబడతాయి. ఆ నీళ్లు ఇగిరేదాకా చిటపట చప్పుడు సన్నగా వస్తుంది. ఇగిరాక చప్పుడు మారి, నూనె అంచుల్లోకి తేలి, కింది ముక్కలు గోధుమ రంగుకి తిరుగుతాయి. అడుగు పడుతుందనిపిస్తే రెండు చెంచాల నీళ్లు చిలకరించి గరిటెతో గీకండి. ఆ గీకిందే రేపు పులుసుకి చిక్కదనం. ఇరవై నిమిషాలు పడుతుంది. ఇందులో మైదా గానీ జీడిపప్పు ముద్ద గానీ వేయం, కరిగిన ఉల్లిగడ్డే దాని గుజ్జు.

ఇప్పుడు స్టవ్ కట్టేయండి. నిజంగానే కట్టేయండి. మిరప రంగు నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది, కాబట్టి పొడి నూనెలోనే పడాలి. కానీ దాంట్లో చక్కెర ఉంటుంది గనక మంట మీద క్షణాల్లో మాడి చేదెక్కుతుంది. మన అమ్మలు పోపులో కారం వేసే ముందు బాణలి దించేది కూడా ఇందుకే. పొడి, వెల్లుల్లి, షాజీర వేసి కలిపితే నూనె మొత్తం ఎర్రబారుతుంది. వెంటనే మాంసం, ఉప్పు వేసి, స్టవ్ మళ్లీ వెలిగించి, ముక్కలకి రంగు పట్టేదాకా తిప్పండి. టమాటా, క్యాప్సికమ్ వేసి అవి మెత్తబడ్డాక మూడు గ్లాసుల నీళ్లు పోసి మూత పెట్టండి.

ఒక విజిల్ వచ్చాక మంట తగ్గించి ఇరవై అయిదు నిమిషాలు ఉంచండి. మామూలుగా మరిగే నీళ్ల వేడి వంద డిగ్రీలు దాటదు, కుక్కర్‌లో ఒత్తిడి వల్ల 120 దాకా వెళ్తుంది. బాణలిలో రెండు గంటలు పట్టే ముదురు ముక్క అందుకే అరగంటలో లొంగుతుంది. ఇన్‌స్టంట్ పాట్ ఒత్తిడి కాస్త తక్కువ కాబట్టి పది నిమిషాలు కలుపుకోండి. ఆవిరి దానంతట అది దిగాకే మూత తీసి, పెద్ద ముక్కలుగా కోసిన ఆలుగడ్డ వేసి ఇంకొక్క విజిల్ రానివ్వండి. ఆలుగడ్డని మొదటే వేస్తే ముద్దయిపోతుంది.

అశోక్‌నగర్‌లో కొన్ని ఇళ్ల ఓనర్లు గదిలో మాంసం వండనివ్వరు. అక్కడ పిల్లలు మీల్ మేకర్‌తో నెగ్గుకొస్తారు. మీలో శాకాహారులకీ నేను చెప్పేది అదే. వేడి ఉప్పునీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, పచ్చివాసన పోయేలా గట్టిగా పిండి, ఎర్రనూనెలో రెండు నిమిషాలు వేయించి, ఆలుగడ్డతో కలిపే ఉడికించండి. ఉల్లిగడ్డ సరిగ్గా వేగితే మాంసం లోటు తెలియదు.

అన్నం కూడా అదే కుక్కర్‌లో కావాలంటే గూలాష్ జోలికి పోకుండా హైదరాబాద్ తహరీ చేయండి. ఖీమా, ఆలుగడ్డ, బఠాణీ, పసుపు, పచ్చిమిర్చి, పుదీనా, కొత్తిమీర వేయించి, ఖీమా ఉడికాక నానిన బాస్మతి ఒక గ్లాసుకి ఒకటిన్నర నీళ్ల లెక్కన వేసి ఒక్క విజిల్. పక్కన పెరుగు చట్నీ ఉంటే సరి. బిర్యానీకి వచ్చినంత పేరు దీనికి రాలేదు గానీ, ఇంట్లో ఆకలి మీద ఉన్నప్పుడు హైదరాబాదీ వండుకునేది ఇదే.

గూలాష్‌ని బ్రెడ్‌తో తినండి, వేడన్నంలోనూ బాగుంటుంది. మిగిలింది రెండు గంటలు దాటకుండా ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాటికి రుచి పెరుగుతుంది. వేడిచేసేటప్పుడు మాత్రం అర గ్లాసు నీళ్లు పోయండి, రాత్రికి రాత్రే ఆలుగడ్డ పులుసంతా పీల్చేసుకుని ఉంటుంది.