డాక్టరుగారి గది బయట

తెనాలిలో ఒక జనరల్ ఫిజీషియన్ దగ్గర అసిస్టెంట్‌ని. చీటీలు రాసి పేర్లు పిలవడమే నా పని అనుకుంటారు చాలామంది. అసలు పని బీపీ దగ్గర మొదలవుతుంది. మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చి, ‘ముందు నాకు చూడు బాబూ’ అని చెయ్యి చాపుతారు. చూడను. కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకు తాకేలా అయిదు నిమిషాలు కూర్చోవాలి. పట్టీ కట్టిన చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. కాసేపు కబుర్లు కూడా వద్దు. లేదంటే లేని బీపీ కనిపించి, అక్కర్లేని మాత్ర మొదలవచ్చు.

బరువు, జ్వరం, షుగరు రాసి లోపలికి పంపుతాను. ఎవరికైనా ఛాతీనొప్పి ఉంటే టోకెను చూడను, నేరుగా లోపలికే. మిగతావాళ్లు గొణుగుతారు, గొణగనీ. వాడిన సూది తెల్లడబ్బాలోకి, రక్తమంటిన దూది పసుపు సంచిలోకి వెయ్యాలి. అది 2016 నిబంధన. టీకాల ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి.

నేను చెయ్యకూడని పని మందు రాయడం. ‘డాక్టరుగారు లేరుగా, నువ్వే ఏదో ఒకటి ఇవ్వు’ అని బతిమాలేవాళ్లకు కొదవలేదు. ఇవ్వను.

ఒక్క మాట. ‘పొద్దున వేసుకునే తెల్లమాత్ర’ అంటే ఏదని పోల్చుకోవాలి? వాడుతున్న మందుల అట్టలు, పాత చీటీలు సంచిలో వేసుకుని రండి.