సెల్‌ఫోను - ప్రకటనల వర్తకము

సంతలో దళారి రైతు ధాన్యమునకు ధర చెప్పుటకు ముందు అతని బండిని, ఎడ్లను ఒకమారు పరికించును. ఎడ్లు బలిసియున్నచో రైతు నాలుగు దినములు ఆగగలడనియు, బక్కచిక్కియున్నచో ఆ పూటకే అమ్మక తప్పదనియు గ్రహించును. ఆ మీదట ధర పలుకును. నేడు ఇంటర్నెట్టునందు ప్రకటనలు వేయించు వర్తకులు చేయుచున్న పనియు నిట్టిదే. ఎడ్లకు మారుగా వారు చూచునది మన చేతిలోని ఫోను. అది ఏ కంపెనీది, ఏ మోడలు అను సంగతి మనము చెప్పకయే వారికి తెలియుచున్నది. ఇది ఎట్లు జరుగునో సభ్యులెల్లరు ఎరిగియుండుట అవసరము.

మన బ్రౌజరు ఏదేని పేజీని కోరినప్పుడెల్ల తన్ను గురించి యొక పరిచయ వాక్యమును వెంట పంపును. దీనిని యూజర్ ఏజెంట్ అందురు. పేజీ మన తెరకు సరిపడు రూపమున వచ్చుటకు ఈ యేర్పాటు ఉపకరించును. పూర్వము ఆండ్రాయిడ్ ఫోనులలో మోడలు పేరుకూడ ఇందుండెడిది. 2023లో గూగుల్ క్రోమ్ దానిని తొలగించెను గాని, వెబ్‌సైటు ప్రత్యేకముగా అడిగినచో తెలుపు మార్గము ఇంకను కలదు. ఇదిగాక తెర కొలత, భాష, అక్షరముల ఫాంటులు మొదలగు చిన్న వివరములన్నియు జేర్చినచో వేలిముద్ర వంటి గుర్తు ఏర్పడును. 2010లో అమెరికాలోని ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ వారు 4,70,161 బ్రౌజర్లను పరీక్షింపగా, వానిలో నూటికి 83.6 వంతులు మరి దేనితోను పోలని ముద్ర గలవిగా తేలినవి.

ఫోనులో మనము వేసికొను యాప్‌లకు ఈ పని మరింత సులభము. ఫోను మోడలు పేరు తెలిసికొనుటకు ఆండ్రాయిడ్‌లో యాప్‌నకు మన అనుమతితో పనియే లేదు. దీనికి తోడు ప్రతి ఫోనునకును ప్రకటనల నిమిత్తము ఒక దీర్ఘమైన సంఖ్య కేటాయింపబడియున్నది. ఆపిల్ కంపెనీ 2012లోను, గూగుల్ 2013లోను ఈ పద్ధతిని ప్రవేశపెట్టిరి. నిన్న ఎరువుల ధర వెదకిన ఫోనును, నేడు ఆటలాడుచున్న ఫోనును ఒక్కటేయని వర్తకునకు తెలుపునది ఈ సంఖ్యయే.

ఇట్లు చేరిన సమాచారము వేలమునకు పోవును. మనము పేజీ తెరచినంతనే, కనురెప్ప వేయునంతలో, అందలి ప్రకటన స్థలమునకు కంప్యూటర్ల మధ్య వేలము జరుగును. ఫోను కంపెనీ, మోడలు, నెట్‌వర్కు, ఉజ్జాయింపుగా మనమున్న చోటు పాటదార్లకు పంపబడును. మార్కెట్టు యార్డులో రైతు తన రాశి ప్రక్కన నిలిచి పాట వినగలడు. ఇచ్చట మనము వినజాలము. అంతేకాదు, పాటలో ఓడినవారికిని మన వివరములు చేరుచున్నవి.

ఇంటిలోని టీవీయు ఇందుకు మినహాయింపు గాదు. 2017లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, విజియో కంపెనీ తన టీవీలలో జనులు చూచు కార్యక్రమములను తగిన సమ్మతి లేక గుర్తించుచున్నదని ఆరోపింపగా, ఆ కంపెనీ 22 లక్షల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొనెను. టీవీ నుండి వెలువడు, చెవికి వినరాని ధ్వనిని ఫోను మైకుద్వారా పట్టి, ఆ రెండును ఒకే యింటివని గుర్తించు సాధనమును మన దేశమునకు చెందిన సిల్వర్‌పుష్ అను సంస్థ తయారుచేసెను. దానిని వాడిన 12 మంది యాప్ తయారీదార్లకు 2016లో ఆ కమిషనే హెచ్చరిక లేఖలు పంపెను.

ఫోను పేరు తెలిసినంత మాత్రమున నష్టమేమని కొందరడుగవచ్చును. ఫోను ధరనుబట్టి మన స్తోమతు అంచనా వేయవచ్చును. 2012లో ఆర్బిట్జ్ అను అమెరికా ప్రయాణ సంస్థ, ఆపిల్ కంప్యూటర్లు గలవారికి హెచ్చు వెల గల హోటళ్లను ముందుగా చూపుచున్నట్లు వెల్లడియైనది. ఫలానా మోడలు ఫోనులు గలవారికే తమ ప్రకటన చూపవలెనని కోరుటకు గూగుల్ ప్రకటనల సేవలో నేడును వీలు కలదు. 2020లో తెలంగాణమున తక్షణ ఋణముల యాప్‌ల వేధింపులకు తాళలేక ప్రాణములు తీసికొన్నవారు కలరు. అందుచేత 2022లో రిజర్వు బ్యాంకు, ఋణ యాప్‌లు ఫోనులోని పేర్ల పట్టికను, ఫోటోలను తాకరాదని నిబంధన విధించెను.

సభ్యులు ఈ క్రింది జాగ్రత్తలు పాటింపవలెను. ఆండ్రాయిడ్ సెట్టింగులలో గూగుల్ అను భాగమున, యాడ్స్ అనుచోట ప్రకటనల సంఖ్యను చెరిపివేయవచ్చును. ఐఫోనులో 2021 నుండి యాప్‌లు ఈ సంఖ్యకై మన అనుమతి కోరవలసియున్నది గనుక నిరాకరింపవచ్చును. వాడని యాప్‌లను తీసివేయుడు. పని లేని యాప్‌నకు మైకును, స్థలమును తెలుపకుడు. వీనివలన ప్రకటనలు ఆగిపోవు గాని, మనలను వెన్నంటి వచ్చు దారము చాలవరకు తెగును.

సంఘమునకును సభ్యుని భూమి, పంట, బాకీ తెలియును. అయితే ఆ పద్దును సభ్యుడు అడిగి చూడగలడు, సర్వసభ్య సమావేశమున ప్రశ్నింపగలడు. మన దేశమున 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినది, రైతు అవసరమును కనిపెట్టి వడ్డీ పెంచు వ్యాపారినుండి అతనిని కాపాడుటకే. నేడట్టి వ్యాపారి గడప తొక్కకుండగనే మన స్థితి నెరుగగలుగుచున్నాడు. కావున ఫోనులో కనబడిన అప్పు ప్రకటనను నమ్ముటకు ముందు ఒకమారు సంఘ కార్యాలయమునకు వచ్చి కార్యదర్శితో సంప్రదింపవలసినదిగా సభ్యులకు మనవి.