హంతకుడు దొరకలేదు, మనవాడు దొరికాడు

క్రైమ్ సినిమాల మాట వస్తే మన విద్యార్థులు తప్పకుండా చెప్పే పేరు ‘మెమరీస్ ఆఫ్ మర్డర్’. దక్షిణ కొరియా దర్శకుడు బాంగ్ జూన్ హో 2003లో తీశాడు. తర్వాత ‘పారసైట్’తో ఆస్కార్ గెలిచింది ఈయనే. అమలాపురం, రాజోలు, కొత్తపేట పిల్లలు సబ్‌టైటిల్స్ పెట్టుకుని ఫోన్లలో చూసేస్తున్నారు. చూసినవాళ్లంతా ఆఖరి షాట్ గురించే మాట్లాడతారు. మేము మాత్రం మొదటి భాగం గురించి మాట్లాడాలనుకుంటున్నాం. హంతకుడు దొరకనప్పుడు పోలీసులు ఎవరిని పట్టుకుంటారు అన్న ప్రశ్నకు జవాబు అక్కడుంది.

కథ కల్పితం కాదు. సియోల్‌కు దక్షిణాన హ్వాసంగ్ అనే పల్లెటూళ్ల ప్రాంతంలో 1986 నుంచి 1991 దాకా పదిమంది ఆడవాళ్లు, ఆడపిల్లలు హత్యకు గురయ్యారు. వరి పొలాలు, గట్లు, పంట బోదెలు, వాన. కోనసీమవాళ్లకు ఆ ఊళ్లు పరాయిగా అనిపించవు. 21 వేల మందికి పైగా అనుమానితులను పోలీసులు విచారించారు. అయినా కేసు తేలలేదు. సినిమా వచ్చేనాటికి కూడా తేలలేదు.

సినిమాలో పోలీసులు మొదట పట్టుకున్నది ఒక హోటల్ యజమాని కొడుకుని. బుద్ధి ఎదగని కుర్రాడు, ముఖం మీద కాలిన మచ్చ. అతని బూటుతో పోలీసులే మట్టిలో అడుగు ముద్ర వేస్తారు. ఏం చెప్పాలో నేర్పిస్తారు. అడవిలోకి తీసుకెళ్లి గొయ్యి తవ్విస్తారు. మధ్యలో ఒక సీను ఉంది. కొట్టినవాళ్లూ దెబ్బలు తిన్నవాడూ కలిసి కూర్చుని నూడుల్స్ తింటూ టీవీలో పోలీసు సీరియల్ చూస్తారు. కొట్టడం కన్నా ఆ సీనే మాకు ఎక్కువ భయం కలిగించింది. వాళ్లకి అదంతా రోజువారీ పని.

ఇక సినిమాలో లేని సంగతి. హ్వాసంగ్ హత్యల్లో ఎనిమిదోది 1988లో జరిగింది. చనిపోయింది 13 ఏళ్ల బాలిక, సొంత ఇంట్లోనే. ఆ ఒక్క కేసు ‘తేలిపోయింది’ అని 1989లోనే పోలీసులు ప్రకటించారు. యూన్ సంగ్ యో అనే 22 ఏళ్ల యువకుణ్ణి పట్టుకున్నారు. వ్యవసాయ యంత్రాలు బాగుచేసే షాపులో పని, పోలియోతో అవిటి కాలు, వెనకాల మాట్లాడే పెద్దమనిషి లేడు. రోజుల తరబడి నిద్రపోనివ్వకుండా ఒప్పుకోలు రాయించారు. ఆ కాలితో గోడ దూకి ఆ ఇంట్లోకి ఎలా వెళ్తాడని కోర్టు అడగలేదు. యావజ్జీవం వేసింది. శిక్ష తగ్గించాక 2009లో పెరోల్ మీద బయటికొచ్చాడు. 20 ఏళ్లు.

ఒక్కసారి తేదీలు చూడండి. పోలీసులు అమాయకుణ్ణి ఎలా హింసిస్తారో చూపించే సినిమా 2003లో థియేటర్లలో ఆడుతుంటే, అదే కేసుల వరుసలో అలాగే హింస పడ్డ మనిషి జైల్లో ఉన్నాడు. 2019లో డీఎన్ఏ పరీక్షతో అసలు హంతకుడు బయటపడ్డాడు. లీ చూన్ జే. మరదలిని చంపిన కేసులో అప్పటికే యావజ్జీవ ఖైదీ. ఎనిమిదో హత్య కూడా తనదేనని ఒప్పుకున్నాడు. 2020 డిసెంబర్ 17న కోర్టు యూన్‌ను నిర్దోషిగా ప్రకటించి, క్షమాపణ చెప్పింది.

మన దగ్గర ఇలాంటి కేసు ఏదని వెతకడానికి ఎంతో దూరం వెళ్లక్కర్లేదు.

2007 డిసెంబర్ 27న విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో ఒక లేడీస్ హాస్టల్లో ఆయేషా మీరా అనే 17 ఏళ్ల బీఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. తెనాలి అమ్మాయి. రాష్ట్రమంతా అట్టుడికింది. నెలలు గడిచినా హంతకుడు లేడు, ప్రభుత్వం మీద ఒత్తిడి పెరిగింది. 2008 ఆగస్టులో నందిగామ ప్రాంతానికి చెందిన సత్యంబాబు అనే దళిత యువకుణ్ణి అరెస్టు చేసి, కేసు ఛేదించామన్నారు. అంతమంది ఆడపిల్లలు పడుకున్న హాస్టల్లోకి ఒక్కడే వచ్చి, ఎవరికీ తెలియకుండా అంతా చేసి వెళ్లిపోయాడన్నది పోలీసుల కథ. ఆయేషా తల్లిదండ్రులే దాన్ని నమ్మలేదు. మా బిడ్డను చంపింది ఇతను కాదని మొదటి నుంచీ చెబుతూ వచ్చారు. కన్నవాళ్లకు న్యాయం చేయడం కోసమే ఎవరినో ఒకరిని పట్టుకున్నామనే వాదన అక్కడే పడిపోయింది.

2010 సెప్టెంబర్‌లో విజయవాడ మహిళా కోర్టు సత్యంబాబుకు శిక్ష వేసింది. గిలియన్ బారీ సిండ్రోమ్ వచ్చి కాళ్లు పట్టు తప్పిన ఆ మనిషిని జనం పేపర్లలో, టీవీల్లో చూశారు. 2017 మార్చి 31న హైదరాబాద్ హైకోర్టు అతన్ని నిర్దోషి అంది, లక్ష రూపాయలు చెల్లించమంది, దర్యాప్తు చేసిన అధికారుల మీద చర్య తీసుకోమంది. రాజమండ్రి సెంట్రల్ జైలు నుంచి విడుదలయ్యేసరికి ఎనిమిదేళ్లు పోయాయి. ఎనిమిదేళ్లకు లక్ష అంటే రోజుకు ఎంత పడుతుందో లెక్క మీరే వేసుకోండి.

2018లో కేసు సీబీఐకి వెళ్లింది. కోర్టులో ఉండాల్సిన కేసు వస్తువులు ధ్వంసమైపోయాయని తేలింది. 2019 డిసెంబర్‌లో తెనాలిలో సమాధి తవ్వి అవశేషాలను మళ్లీ పరీక్షకు తీశారు. హంతకుడు ఫలానా అని ఈ రోజు వరకూ ఏ కోర్టూ తేల్చలేదు. తప్పుడు మనిషిని పట్టుకోవడం వల్ల జరిగే రెండో అన్యాయం ఇదే. ఒక దళిత యువకుడి జీవితం పోవడంతో పాటు, ఒక ముస్లిం అమ్మాయి కేసులో సాక్ష్యాలు చల్లారిపోయాయి. ఆ ఏళ్లన్నీ అసలువాడికి దక్కాయి.

పోలీసు ముందు చేసిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదు కదా, మరి ఇదంతా ఎలా జరుగుతుందని విద్యార్థులు అడుగుతారు. నిజమే. పాత సాక్ష్య చట్టంలో 25, 26 సెక్షన్లు, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో 23వ సెక్షన్ అదే చెబుతున్నాయి. అయితే అందులో ఒక కిటికీ తెరిచి ఉంది. నిందితుడు చెప్పిన మాటను బట్టి ఏదైనా వస్తువు దొరికితే, ఆ మేరకు అతని మాట సాక్ష్యమవుతుంది. పాత 27వ సెక్షన్. అందుకే ప్రతి కేసులోనూ ఒక కత్తో, రక్తపు చొక్కానో, సెల్‌ఫోనో నిందితుడు ‘చూపించగా’ దొరుకుతుంది. ఇద్దరు మధ్యవర్తులు సంతకం పెడతారు. సినిమాలో మట్టిలో వేసిన బూటు ముద్ర, ఇక్కడ మధ్యవర్తుల రిపోర్టు. ఈలోగా ముఖానికి ముసుగేసి ప్రెస్‌మీట్‌లో నిలబెడతారు. విచారణ మొదలుకాకముందే ఊరు తీర్పు చెప్పేస్తుంది.

ఈ పనికి ఎవరు పనికొస్తారు? బెయిలుకు జామీను ఇచ్చేవాడు లేనివాడు, లాయరును పెట్టుకోలేనివాడు, ‘వాళ్లు అలాంటివాళ్లే’ అంటే ఊరు నమ్మే కులంవాడు. దేశ జనాభాలో ఎస్సీలు 2011 లెక్కల ప్రకారం 16.6 శాతం. జైళ్ల లెక్కల్లో విచారణ ఖైదీల్లో దాదాపు ఐదో వంతు.

తేలని కేసుల్లో ఇంకో రకం ఉంది. దాని మీద క్రైమ్ సినిమా తీయడం కష్టం, ఎందుకంటే అందులో సస్పెన్స్ ఉండదు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ వదిలేసింది. అంటే చట్టం దృష్టిలో ఆ ఎనిమిది మందిని ఎవరూ చంపలేదు. 2022 మే 24న అమలాపురంలో, జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టడం ఇష్టంలేనివాళ్లు దళిత మంత్రి ఇల్లు తగలబెట్టారు. పట్టపగలు, వీడియోల సాక్షిగా. 2023లో ప్రభుత్వం ఆ కేసులను ఉపసంహరించుకోవాలని నిర్ణయించింది. హాస్టల్ హత్యలో సాక్ష్యం లేకపోయినా మనవాడు దొరికాడు. ఇక్కడ సాక్ష్యం ఉన్నా కేసే అక్కర్లేకపోయింది.

సినిమాల విషయంలో తమిళంవాళ్లు మనకన్నా ముందున్నారని ఒప్పుకోవాలి. వెట్రిమారన్ తీసిన ‘విసారణై’ (2015)కి ఆధారం చంద్రకుమార్ అనే ఆటోడ్రైవర్ రాసిన ‘లాకప్’. చేయని నేరం ఒప్పుకోమని అతన్ని హింసించిన పోలీస్ స్టేషన్ తమిళనాడులో లేదు, గుంటూరులో ఉంది. మన గడ్డ మీద జరిగిన కథను తెలుగువాళ్లం అరవ సినిమాలో చూడాల్సి వచ్చింది. ‘జై భీమ్’ (2021) కూడా 1993 నాటి నిజ ఘటనే. అందులో లాయరే హీరో అవడం మీద మాకు అభ్యంతరం ఉంది, కానీ లాకప్‌లో ఏం జరుగుతుందో లక్షల ఇళ్లకు చేర్చింది. మన తెలుగు పోలీసు హీరో మాత్రం ఇంకా నిందితుణ్ణి కుర్చీకి కట్టి కొట్టి నిజం రాబడుతూనే ఉన్నాడు, మనం ఈలలు వేస్తూనే ఉన్నాం.

బాంగ్ జూన్ హో తన సినిమాలో డిటెక్టివ్ చూపును ఆఖర్న నేరుగా కెమెరాలోకి తిప్పాడు. హంతకుడు ఎప్పుడో ఒకసారి ఈ సినిమా చూస్తాడు, వాడి కళ్లలోకి చూడాలి అని. 2020లో కోర్టులో లీని అడిగితే, చూశాను, ఏమీ అనిపించలేదన్నాడు.

కార్యకర్తలకు పనికొచ్చే మాట ఒకటి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో 3(1)(పి) మన మీద పెట్టే తప్పుడు కేసుల గురించే. ఉరిశిక్ష పడగల నేరంలో ఇరికించడానికి ఎస్సీ, ఎస్టీ కానివారు దొంగ సాక్ష్యం పుట్టిస్తే 3(2)(i) కింద యావజ్జీవం. విధి నిర్వహణలో కావాలని నిర్లక్ష్యం చేసిన అధికారికి 4వ సెక్షన్. ఇక పోలీస్ స్టేషన్లలో సీసీ కెమెరాలు ఉండాలని, రికార్డును కనీసం ఏడాది దాచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబర్‌లో ఆదేశించింది. మన కుర్రాణ్ణి స్టేషన్‌కు తీసుకెళ్లారని తెలిసిన రోజే, ఆ రోజు ఫుటేజీ భద్రపరచమని రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోండి. నెల తర్వాత అడిగితే, ఆ వారం కెమెరా పనిచేయలేదని చెబుతారు.